పాస్టరమ్మ గారి అడ్డపొగ

సర్రీ,
మార్చి 6.

ప్రభువునందు ప్రియమైన ఆడపడుచు ఎస్తేరుకు,

వదిన రూపవతి వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? విండ్సర్‌లో మంచు కరిగిందా?

ఫోను ఉండగా ఈవిడకి ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ. ఈ ఇంట్లో ఫోను అంటే చర్చి మైకుతో సమానం. నేను ఎత్తగానే మా అబ్బాయి రవి స్పీకర్లో పెడతాడు. కోడలు టీనా వంటింట్లోంచి పలకరిస్తుంది, మనవరాలు ఫెయిత్ మెట్ల మీద నుంచి హలో అంటుంది. నేను చెప్పబోయేది నీకొక్కదానికే చెప్పవలసింది. మిషన్ బడిలో దొరసానమ్మ దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకి మళ్ళీ పనికొచ్చాయి.

చుట్ట సంగతి. నేను కాలుస్తానని ఈ కెనడా దేశంలో తెలిసింది నీకొక్కదానికే. కళింగపట్నంలో మీ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో పంటి నొప్పితో ఏడుస్తుంటే మీ అమ్మే నాకు నేర్పింది, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మన తీరంలో ఆడవాళ్ళ అడ్డపొగ. సముద్రపు గాలికి ఆరిపోదు, బట్టలుతుకుతున్నా బూడిద రాలదు, నిప్పు ఎవరి కంటా పడదు. పాస్టరు భార్యకి అంతకంటే ఏం కావాలి? మీ అన్నయ్య ముందు గదిలో వాక్యం చెబుతుంటే వెనక దొడ్లో నేను కాల్చేదాన్ని. ఆయనకి తెలుసు. పోయేవరకూ ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడ నా చోటు గరాజు వెనక, చెత్తడబ్బాల పక్కన. ఊరి నుంచి ఎవరు వచ్చినా మా చెల్లెలు చింతపండు పొట్లంలో ఒక కట్ట దూర్చి పంపిస్తుంది. అందరూ ఆఫీసుకీ బడికీ వెళ్ళాక ఫెయిత్ పాత హుడీ ఒకటి తొడుక్కుని వానలో నిలబడి కాలుస్తాను. టీనాకి వాసన తగిలితే పక్కింటివాళ్ళని అనుమానిస్తుంది. నేను కూడా తల ఊపుతాను. దేవుడు నన్ను క్షమించుగాక.

పోయిన వారం కింది పళ్ళసెట్టు వదులైందని టీనా నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పంజాబీ అమ్మాయి, మెత్తని చెయ్యి. సరదాగా మాట్లాడుతూనే నోట్లో దీపం వేసి చూసి, మాట ఆపేసింది. అంగిలి తెల్లగా, మందంగా అయిపోయిందట. అక్కడక్కడ ఎర్రటి చుక్కలట. "ఆంటీ, బాగా వేడిగా ఏమైనా తాగుతారా?" అని అడిగింది. టీనా పక్కనే ఉంది. "టీ" అన్నాను. "అవును, మా అత్తయ్య స్టవ్ మీద నుంచి దించగానే తాగేస్తారు" అని టీనా కూడా సాక్ష్యం చెప్పింది. ఆ అమ్మాయి స్పెషలిస్టుకి రాసింది. జూన్‌లో తేదీ దొరికింది. ముక్క తీసి క్యాన్సరేమో చూస్తారట.

ఆలోపు మానాలి ఎస్తేరూ. భయం వేస్తోంది. ఫార్మసీలో పొగ మానేవాళ్ళకి నికొటిన్ పట్టీలు, గమ్ము ఊరికే ఇస్తారని విని తెచ్చుకున్నాను. గమ్ము అంటుకుని పళ్ళసెట్టే ఊడి చేతిలోకి వచ్చింది. పట్టీ భుజానికి వేసుకుంటే నోటికి ఏం తెలుస్తుంది? నువ్వు కార్ల సీట్ల ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు సిగరెట్లు కాల్చి, తర్వాత ఆ కరెంటు సిగరెట్టుకి మారావు కదా. అప్పుడు నిన్ను చూసి ముఖం చిట్లించిన వదిననే అడుగుతున్నాను. నాలాంటిదానికి మొదట ఏది కొనాలి?

జవాబు ఫోనులో చెప్పకు.

నీ వదిన
రూపవతి

•

విండ్సర్,
మార్చి 19.

వదినా,

పోస్టు పెట్టెలోంచి తీసి, ఇంట్లోకి కూడా వెళ్ళకుండా చలిలో నిలబడే చదివాను.

టీ అన్నావా! మా అమ్మ కూడా డాక్టరుకి అలాగే చెప్పింది. ఆవిడ వేడి గంజి అంది. ఆ గంజే తర్వాత అంగిలికి పడ్డ కన్నంలోంచి ముక్కులోకి వచ్చేది. చెంచాతో పోసింది నువ్వే, తుడిచింది నువ్వే. అమ్మని సమాధి చేసి వచ్చిన సాయంత్రం దొడ్లోకి వెళ్ళి మళ్ళీ ముట్టించింది కూడా నువ్వే. ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు. సరే, అది అలా ఉంచు.

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. అయితే ఇదీ ముల్లేనని మరిచిపోకు. మా డాక్టరు నాతో అన్నది చెబుతాను. ఎప్పుడూ కాల్చనివాళ్ళు దీని జోలికే పోకూడదు. కాల్చేవాళ్ళు పూర్తిగా దీనికి మారితే నష్టం తగ్గుతుంది, ఆ తర్వాత దీన్నీ మెల్లగా వదిలెయ్యాలి. పూర్తిగా అన్నమాట గుర్తుపెట్టుకో. పొద్దున చుట్ట, సాయంత్రం ఇది అంటే ఏం లాభం లేదు.

మొదటిసారి నేను షోకు చూసి కొన్నాను. పెద్ద ట్యాంకు, మూడు బటన్లు. చర్చికి వెళ్తుంటే హ్యాండ్‌బ్యాగులో కారిపోయి నా బైబిలు కీర్తనల దాకా జిగటైంది. నువ్వలా చెయ్యకు. నీకు బటన్ లేనిది కావాలి. పీలిస్తే పనిచేస్తుంది. లోపలి చిన్న డబ్బీ అయిపోతే తీసేసి ఇంకొకటి నొక్కుతావు. పాడ్ అంటారు. పెట్టె మీద నికొటిన్ అంకె చూడు, ఈ దేశంలో ఇరవై మిల్లీగ్రాములు దాటింది అమ్మకూడదు. చుట్టకి అలవాటు పడ్డదానివి, మరీ తక్కువతో మొదలుపెడితే మర్నాడే గరాజు వెనక తేలుతావు. పైనుంచి మొదలుపెట్టి మెల్లగా దిగు. తల తిరిగితే ఆపు. పెట్రోలు బంకులో కొనకు, వాటికోసమే ఉండే షాపుకి వెళ్ళి మనిషిని అడుగు. దిండు కింద పెట్టి చార్జింగ్ చెయ్యకు.

ఇవన్నీ ఒక ఎత్తు. స్పెషలిస్టు దగ్గర మాత్రం టీ అనకు వదినా. నిప్పు అని చెప్పు. వాళ్ళకి తెలియకపోతే ఏం వెతకాలో కూడా వాళ్ళకి తెలియదు. నేను నిన్ను అడిగేది ఇదొక్కటే.

ఎస్తేరు

•

సర్రీ,
ఏప్రిల్ 11.

ప్రియమైన ఎస్తేరుకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తిట్లున్న పేరా మాత్రం ఒకసారే చదివాను.

మా వీధి చివర శ్యామల అని ఫిజీ ఆవిడ ఉంది. తాతముత్తాతలు విజయనగరం వైపు నుంచి చెరకు తోటలకి వెళ్ళారట. తెలుగులో ఆవిడకి వచ్చినవి రెండే ముక్కలు, ఒకటి "అన్నం తిన్నావా", రెండోది ఒక తిట్టు. కూరగాయలు కొనుక్కోవాలంటే కారెక్కించుకుంది. ఆవిడ బెండకాయలు ఏరుతుంటే నేను పక్క షాపులోకి దూరాను.

లోపల ఒక గడ్డం కుర్రాడు. నన్ను చూసి గుర్తింపు కార్డు అడిగాడు. పంతొమ్మిదేళ్ళు నిండాయో లేదో చూడాలట. "నా జుట్టు కనపడ్డం లేదేటి బాబూ?" అన్నాను తెలుగులోనే. అందరినీ అడగాలట, రూలు. కార్డు చూపించాను. అరవై తొమ్మిది నిండాయని అతనూ ఒప్పుకున్నాడు.

నువ్వు చెప్పిన పాడ్ చూపించాడు. రవి కంప్యూటరుకి గుచ్చే పుల్లలా ఉంది. దాన్ని నోట్లో ఎలా పెట్టుకుంటారే? ఇంతలో అద్దాల బీరువాలో సన్నగా, గుండ్రంగా ఒకటి కనబడింది. అచ్చం చుట్టే. పైగా పీల్చినప్పుడు కొసన ఎర్ర దీపం వెలుగుతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. అదే ఇమ్మన్నాను.

ఇంటికొచ్చి, చార్జింగ్ పెట్టి, గరాజు వెనక్కి వెళ్ళి, దీపం ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చాను. ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా పీల్చాను. నాలుకకి చల్లటి ఇనుము తగలడం తప్ప ఒక్క పిసరు పొగ లేదు. మళ్ళీ చార్జింగ్, మళ్ళీ పీల్చడం. బుగ్గలు నొప్పి పుట్టాయి. శుద్ధ మోసం ఎస్తేరూ! కెనడాలో కూడా ఇలా అమ్ముతారా? తెల్లారి వెనక్కి తీసుకెళ్ళి ఆ గడ్డం కుర్రాణ్ణి నాలుగు దులుపుదామనుకుంటే శ్యామల ఖాళీగా లేదు.

ఆ కోపంలో చుట్ట ముట్టించాను. ఒకటి కాదు, రెండు.

స్పెషలిస్టు సంగతి అడిగావు. ఇంకా జూన్ రాలేదు కదా.

నీ వదిన
రూపవతి

•

విండ్సర్,
ఏప్రిల్ 23.

వదినా, వదినా,

నవ్వలేక చచ్చిపోయాను. పక్క ఫ్లాటు ఆవిడ తలుపు కొట్టి అంతా బాగానే ఉందా అని అడిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! తిప్పి పెట్టుకో తల్లీ. దీపం ఉన్న కొస బయటికి, రెండోది నోట్లోకి. లోకమంతా అలాగే కాలుస్తుంది. పాపం ఆ కుర్రాణ్ణి ఏమీ అనకు, నువ్వు దాన్ని ఎటు పెట్టుకుంటావో అతను కలగన్నాడా?

నవ్వీ నవ్వీ ఆఖర్న ఏడుపొచ్చింది. మా అమ్మ ఉండి, ఆవిడకి ఇచ్చినా అలాగే పెట్టుకునేది.

నా మాట విని దాన్ని పక్కన పడెయ్యి. చుట్టలాంటిది కొనుక్కుంటే నీ నోరు చుట్టనే వెతుక్కుంటుంది. పుల్లలా ఉన్నదే మంచిది. అది దేనిలాగా ఉండదు, అదే దాని గొప్పతనం. ఒకవైపే పీల్చడానికి వీలుంటుంది కాబట్టి నీకూ దానికీ పేచీ రాదు. పీల్చేటప్పుడు చుట్టని లాగినట్టు లాగకు, దగ్గొస్తుంది. చిన్నగా, నిదానంగా పీల్చు.

రెండు అని రాశావు చూడు, నా నవ్వు అక్కడ ఆగింది. జూన్ ఎంతో దూరం లేదు.

ఎస్తేరు

•

సర్రీ,
మే 20.

ప్రియమైన ఎస్తేరుకు,

నీ మాటే విన్నాను. ఆ గడ్డం కుర్రాడి దగ్గరికే వెళ్ళి పుల్ల కొన్నాను. పొగాకు రుచిది ఇచ్చాడు గానీ అది తడిసిన గోనెపట్టా వాసన వేసింది. మామిడిపండు రుచిది తీసుకున్నాను. ఏదో బంగినపల్లి అనుకోకు, మన చిన్నప్పటి పిప్పరమెంటు బిళ్ళ లాంటి మామిడి.

మొదట ఏం సిగ్గు వేసిందో నీకు ఎలా చెప్పను? యాభై ఏళ్ళు నిప్పుని లోపలే దాచుకున్నదాన్ని. ఇప్పుడు నా ముఖం ముందే పొగ తెల్లగా లేస్తుంటే, పైట లేకుండా వీధిలో నిలబడ్డట్టు ఉంది. చేత్తో పొగని కొట్టేసుకుంటూ పీల్చాను. దగ్గు వచ్చింది, తర్వాత నిదానించడం వచ్చింది. పొద్దుటి చుట్ట పోయింది. సాయంత్రందీ పోయింది. మధ్యాహ్నం భోజనం తర్వాతది ఒక్కటే మిగిలింది. అంగిలి మీద నాలుక పెడితే ఇదివరకటి గరుకు లేదనిపించింది. నా భ్రమేనేమో.

ఇంకో మాట. రాయకపోయినా ఫరవాలేదు గానీ రాస్తున్నాను.

పోయిన సోమవారం టీనా బట్టలు మిషన్‌లో వేస్తూ ఆ పాత హుడీ జేబులో పుల్ల చూసింది. ఆ హుడీ నేను వేసుకుంటానని ఇంట్లో ఎవరికీ తెలియదు. దానిమీద ఫెయిత్ బడి పేరుంది. పైగా మామిడి వాసన. పదకొండో క్లాసు పిల్లలంతా బడి బాత్‌రూముల్లో ఇదే పీలుస్తున్నారని టీనాకి ఎప్పటి నుంచో భయం. పిల్లని కిందికి పిలిచి నిలబెట్టింది. "ఇట్స్ నాట్ మైన్, మామ్" అని ఫెయిత్ ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. "ఈ ఇంట్లో ఇంకెవరు వేప్ చేస్తారే? మీ నానమ్మా?" అంది. ఫోను లాక్కుంది. ఆగస్టులో చర్చి పిల్లల క్యాంపు కూడా లేదంది. ఆ క్యాంపులో పాట పాడడానికి పిల్ల చలికాలం నుంచీ సాధన చేస్తోంది.

నేను సోఫాలో బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

చిన్నపిల్ల, నాలుగు రోజుల్లో మరిచిపోతుందిలే. నేను నోరు విప్పితే మాత్రం పాస్టరమ్మ అన్న పేరు ఏమవుతుంది? శనివారం ప్రార్థనకి వచ్చే ఆడవాళ్ళ ముఖం ఎలా చూస్తాను? స్పెషలిస్టు దగ్గరికి కూడా నాతో టీనాయే వస్తుంది. కాబట్టి అక్కడా టీ అనే అంటే నయమేమో అనిపిస్తోంది. పుల్ల ఇప్పుడు టీనా దగ్గరే ఉంది. కాబట్టి మళ్ళీ చుట్టకే వచ్చాను. కొన్నాళ్ళే.

నన్ను తిట్టకు.

నీ వదిన
రూపవతి

•

విండ్సర్,
మే 29.

గౌరవనీయులైన వదిన గారికి,

మీ ఉత్తరం అందింది.

మీ నోరు మీ ఇష్టం. యాభై ఏళ్ళు కాల్చుకున్నారు, ఇంకా కాల్చుకోండి. ఫెయిత్ నోరు మీది కాదు. ఆ పిల్ల నిజం చెబితే అబద్ధమైపోయింది. మీరు మాట్లాడకుండా కూర్చుంటే అబద్ధం నిజమైపోయింది. పదహారేళ్ళ పిల్ల నాలుగు రోజుల్లో మరిచిపోతుందని రాశారు. నాకు పదహారేళ్ళప్పుడు ఎవరు ఏమన్నారో నాకింకా గుర్తుంది. మీకు లేదా?

పేరు పోతుందంటున్నారు. మా అమ్మకీ ఊళ్ళో మంచి పేరే ఉండేది. ఆ పేరు రాతి మీద చెక్కించి మనమే నిలబెట్టి వచ్చాం.

యంత్రం ఎలా ఎంచుకోవాలో నాకు తెలుసు కాబట్టి చెప్పాను. ఇది నేను చెప్పేది కాదు. టీనాకి ఫోను చెయ్యను. చెయ్యాలని చెయ్యి లేచింది, దించేశాను. మీ నోటితో మీరే చెప్పాలి.

ఇట్లు
ఎస్తేరు

కవరు అంటించి మళ్ళీ చింపాను. నాకు పుట్టింటి వాళ్ళంటూ నువ్వొక్కదానివే మిగిలావు వదినా. నీకు చెంచాతో గంజి పోయడానికి నేను సర్రీ రాలేను. నా వల్ల కాదు.

•

సర్రీ,
జూన్ 28.

నా ఎస్తేరుకు,

ముందు నీ గుండెదడ తగ్గిస్తాను. తీసిన ముక్కలో క్యాన్సరు లేదు. కణాలు మారడం మొదలుపెట్టాయట, అటువైపు నడుస్తున్నాయట, ఇంకా చేరలేదట. వేడి ఆగిపోతే వెనక్కి తగ్గవచ్చు, తగ్గకపోనూవచ్చు. కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి. నేను చుట్ట మాని రెండు వారాలు అవుతోంది. పుల్ల ఉంది. దాన్ని కూడా ఎల్లకాలం పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఈసారి కొనే డబ్బీ తక్కువ అంకెది.

ఇప్పుడు మొదటి నుంచీ చెబుతాను.

నీ ఉత్తరంలో "వదిన గారికి" అన్న మాట చూసి నీకెంత కోపం వచ్చిందో తెలిసింది. అయినా వెంటనే చెప్పేశానని అనుకోకు. టీనా ఎదురుపడితే చాలు, బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవు, అయినా ఏరాను. అలా శనివారం వచ్చేసింది. మా ముందు గదిలో ఆడవాళ్ళ ప్రార్థన. అందరూ తివాచీ మీద కూర్చుని వరసగా విన్నపాలు చెప్పుకుంటున్నారు. ఒకరికి ఇక్కడే స్థిరపడడానికి పెట్టిన పీఆర్ ఫైలు కదలడం లేదు, ఒకరి తమ్ముడికి స్టడీ పర్మిట్ రాలేదు, ఒకరికి నడుము నొప్పి. టీనా వంతు వచ్చింది. ఆ పిల్ల ఎప్పుడూ నలుగురిలో కన్నీళ్ళు పెట్టుకునే మనిషి కాదు. "మా ఫెయిత్ కోసం ప్రార్థన చెయ్యండి. ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. నాకు అబద్ధాలు కూడా చెబుతోంది" అని ఏడ్చేసింది. ఫెయిత్ పైగదిలోనే ఉంది. తలుపు తెరిచే ఉంది.

మృదుల అని ఒకావిడ మా గుంపుకి పెద్ద. నా వైపు తిరిగి, "బిడ్డ విడుదల కోసం పాస్టరమ్మ గారు ప్రార్థిస్తారు" అంది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేనూ మూసుకున్నాను. మనుషుల ముందు చాలా అబద్ధాలు ఆడాను ఎస్తేరూ. కళ్ళు మూసుకుని "తండ్రీ" అన్న తర్వాత ఆడడం మాత్రం నాకు చేతకాదు. ప్రయత్నించాను, దాచను. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ చిన్నబిడ్డను ఆ వ్యసనం నుండి" అన్నదాకా మాటలు వాటంతట అవే వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. ఎవరో "స్తోత్రం" అన్నారు, ఆత్మ కదిలిస్తోందనుకుని. అప్పుడిక గ్రంథపు భాష పోయి మన కళింగపట్నం భాష వచ్చేసింది. "అది నాదే తండ్రీ. ఆ పిల్లకేటీ తెలీదు. యాభై ఏళ్ళుగా సుట్ట కాలుత్తన్నాను. నోరు కాలిపోనాది. దాన్ని మానడానికే ఆ పుల్ల కొనుక్కున్నాను. నా మనవరాలు నిజమే సెప్పింది. నన్ను విడిపించు."

ఆమెన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. నేనే ఆమెన్ అన్నాను.

కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. తెరిచేసరికి టీనా నా ముఖంలోకే చూస్తోంది. మిగిలినవాళ్ళంతా తమ చేతులవైపు చూసుకుంటున్నారు. టీలు తాగకుండానే ఒక్కొక్కరూ లేచారు. ఇచ్ఛాపురం నుంచి వచ్చినావిడ ఒకతె మాత్రం కప్పులు సర్దే వంకతో వంటింట్లోకి నా వెనకే వచ్చింది. "పాస్టరమ్మ గారూ, ఆ పుల్ల ఏ కొట్లో దొరుకుతాదండీ? మా ఆయనకి" అని మెల్లిగా అడిగింది. "మీ ఆయన చుట్ట ఎటువైపు పెట్టుకుంటారమ్మా?" అన్నాను. ఆవిడ కొంగుతో నోరు కప్పుకుంది. షాపు పేరు చెప్పాను, డాక్టరుకి నోరు చూపించుకోమని కూడా చెప్పాను.

అందరూ వెళ్ళాక టీనా ఒకటే మాట అంది. "మీరు నా చేత నా బిడ్డని దొంగని చేయించారు అత్తయ్యా." నేను తలదించుకున్నాను. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించింది. తర్వాత ఒకరోజు ఆఫీసుకి వెళ్తూ నా టీ కప్పు పక్కన పుల్ల పెట్టి, "ఇది తీసుకోండి. ఆ చుట్టలు నాకిచ్చెయ్యండి" అని చెయ్యి చాపింది. చింతపండు పొట్లంతో సహా ఇచ్చేశాను. ఎక్కడ పడేసిందో అడగలేదు.

ఫెయిత్‌కి ఫోనూ క్యాంపూ తిరిగి వచ్చాయి. తల్లి క్షమించమని అడిగింది, నేనూ అడిగాను. "ఓకే" అంది. ఆ ఓకేలో ఏమీ లేదు. తర్వాత "యూ వర్ రైట్ దేర్, నానమ్మా" అంది. అక్కడే ఉన్నావు కదా అని.

స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళవలసిన రోజు పొద్దున టీనా తాళాలు తీసుకుంటుంటే ఫెయిత్ మెట్లు దిగి వచ్చింది. "ఐ విల్ గో. మామ్ వస్తే యూ విల్ సే టీ" అంది. పళ్ళ డాక్టరు దగ్గర నేనన్న మాట దానికి తల్లి చెప్పినట్టుంది. టీనా కారు నడిపి, బయట గదిలో కూర్చుంది. లోపలికి మేమిద్దరమే వెళ్ళాం.

డాక్టరు పెద్దాయన. ఎన్నేళ్ళ నుంచి, రోజుకి ఎన్ని అని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను, ఫెయిత్ ఇంగ్లీషులో చెప్పింది. ఒక్కటి కూడా తగ్గించలేదు, నేనూ తగ్గించలేదు. ఎలా కాలుస్తారో చూపించమన్నాడు. బల్ల మీది పెన్సిలు తీసుకుని, మొనే నిప్పు అనుకోండని చెప్పి, మొన లోపలికి పెట్టుకుని పెదాలు మూశాను. ఆయన రాయడం ఆపేశాడు. ఫెయిత్ కూడా అప్పుడే మొదటిసారి చూసింది. "నానమ్మా, కాలలేదా?" అని తెలుగులో అడిగింది. అది డాక్టరు ప్రశ్నో, దాని ప్రశ్నో నాకు తెలియలేదు.

"మొదట్లో కాలేది తల్లీ. తర్వాత తెలియడం మానేసింది" అన్నాను.

ఆయనకి చెప్పడానికి అటు తిరిగింది. సగం చెప్పి ఆగిపోయింది. డాక్టరు తొందరపెట్టలేదు. అది కళ్ళు తుడుచుకుని, నా కుర్చీ దగ్గరికి జరిగి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ మాటని మళ్ళీ మొదటి నుంచి, ఏదీ వదలకుండా ఆయనకి చెప్పింది.

అప్పుడు ఆయన నన్ను నోరు తెరవమన్నాడు. తెరిచాను.

నీ వదిన
రూపవతి